నేపథ్యము లేని బొమ్మ

కంప్యూటరు ఆటలలో ఆటగాడు సేకరించిన వస్తువులన్నియు తెరపై ఒక మూల చిన్న చిన్న గళ్ళలో బొమ్మలుగా అమరియుండుట విద్యార్థులలో పలువురు చూచియే యుందురు. కత్తి, తాళపుచెవి, మందుసీసా, లాంతరు – ఒక్కొక్క గడిలో ఒక్కొక్క వస్తువు. గడి రంగు నీలమైనను ఎరుపైనను, దాని వెనుక అడవియో కోటయో కదలుచున్నను, వస్తువు మాత్రము ఆ నేపథ్యముపై చేతితో పెట్టినట్లు ఇమిడియుండును. చూచుటకు ఇది చాల స్వల్పమైన విషయము. కాని ఇట్టి బొమ్మను తయారుచేయబూనినవారు మొదటి ప్రయత్నములోనే చిక్కులలో పడుదురు. వస్తువు చుట్టును నల్లని పెట్టె వచ్చును. పెట్టెను తొలగించిన, అంచుల వెంబడి మసిగీత మిగులును. గాజు ఉండవలసిన చోట బూడిదరంగు ముద్ద ఏర్పడును. దీపపుమంట మాయమగును.

ఈ చిక్కులు వేరువేరుగా కనిపించినను వీని మూలము ఒక్కటే. చిత్రములోని ఒక చుక్క రంగు తెలిసినంతమాత్రమున, ఆ రంగులో వస్తువు పాలు ఎంత, దాని వెనుకనున్న నేపథ్యము పాలు ఎంత అనునది తెలియదు. ఆ పాలును తెలుపు సంఖ్యను చిత్రము గీయుచున్నప్పుడే వ్రాసిపెట్టుకొనవలెను. లేదా రెండు చిత్రములు తీసి లెక్కకట్టి రాబట్టవలెను. ఊహపై ఆధారపడకుండ సరియైన ఫలితమును పొందుటకు ఇవియే ముఖ్యమైన మార్గములు. ఉన్నత పాఠశాలలో నేర్చు రెండు సమీకరణముల లెక్కయే దీనిని గ్రహించుటకు చాలును.

గేమ్ ఇంజనులో బొమ్మ

కంప్యూటరు ఆటలను నిర్మించువారు ప్రతి ఆటకును అన్ని పనిముట్లను మొదటినుండి తయారుచేసికొనరు. వస్తువుల ఆకారములను నిలువచేయుట, వెలుగునీడలను లెక్కించుట, కదలికలను నడుపుట, ధ్వనిని వినిపించుట మున్నగు సామాన్య కార్యములను నెరవేర్చు సాఫ్ట్‌వేరును సిద్ధముగా ఉంచుకొందురు. దీనినే గేమ్ ఇంజను అందురు. 1998లో వెలువడిన అన్‌రియల్, 2005లో వెలువడిన యూనిటీ, 2014లో మూలలిపితో సహా అందరికిని అందుబాటులోనికి వచ్చిన గోడో ఇందుకు ఉదాహరణములు.

ఇంజనులో వస్తువు బొమ్మగా గాక ఆకారముగా ఉండును. ఒక లాంతరును ఉదాహరణముగా గ్రహింపవచ్చును. దాని ఉపరితలము వేలకొలది చిన్న త్రిభుజములుగా విభజింపబడియుండును. ఒక్కొక్క శీర్షము ఎక్కడ ఉన్నదో మూడు నిరూపకములు తెలుపును. కల్పితమైన కెమెరాను దాని ఎదుట నిలిపినచో, ఏ త్రిభుజము తెరపై ఏ చుక్కలను కప్పునో ఇంజను లెక్కించి ఆ చుక్కలకు రంగు నిర్ణయించును. చిత్రములోని ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అందురు. రంగును నిర్ణయించు చిన్న ప్రోగ్రామునకు షేడర్ అని పేరు. ఈ పని అంతయు సెకనుకు 60 పర్యాయములు జరుగుట నేడు సామాన్యము.

గడిలో ఉంచదగిన బొమ్మ కావలెననిన, లాంతరును ఒంటరిగా నిలిపి, వెనుక ఏమియు లేకుండ చిత్రము తీయవలెను. "ఏమియు లేకుండ" అను మాటలోనే చిక్కు ఉన్నది. చిత్రము దీర్ఘచతురస్రము. అందలి ప్రతి పిక్సెలునందును ఏదో ఒక రంగు ఉండి తీరవలెను. నలుపు ఒక రంగే. తెలుపు ఒక రంగే. శూన్యమును తెలుపు రంగు అనునది లేదు.

మూడు సంఖ్యలు చాలవు

పిక్సెల్ రంగును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగుల పాళ్ళతో తెలుపుదురు. ఒక్కొక్క పాలు సాధారణముగా 8 బిట్లలో, అనగా 0 నుండి 255 వరకు గల పూర్ణసంఖ్యగా నిలువచేయబడును. లెక్కల సౌకర్యమునకై దానిని 255చే భాగించి, 0 నుండి 1 వరకు గల భిన్నముగా చెప్పుట వాడుక. 0 అనగా చీకటి. 1 అనగా నిండు వెలుగు.

లాంతరును పరిశీలించిన, అందు నాలుగు విధములైన భాగములు కనిపించును. నూనె పోయు రేకుబుడ్డి తన వెనుకనున్న దృశ్యమును పూర్తిగా మరుగుపరచును. గాజుచిమ్నీ కొంత మరుగుపరచి, కొంత చూపును. చేతితో పట్టుకొను తీగ మరుగుపరచునదే గాని చాల సన్నము. అది ఒక పిక్సెలులో సగమును మాత్రమే ఆక్రమింపవచ్చును. అట్టి పిక్సెలులో మిగిలిన సగము నేపథ్యముదే. బుడ్డి అంచుల వెంబడి నున్న పిక్సెళ్ళ స్థితియు ఇదియే. నాల్గవ భాగము మంట. అది వెనుకనున్న దానిని దాదాపు మరుగుపరచదు. తన వెలుగును దానికి కలుపును.

మరుగుపరచు పాలును 'ఆ' అనియు, వస్తువు రంగును 'బ' అనియు, వెనుకనున్న రంగును 'వ' అనియు అనుకొనినచో, కనిపించు రంగు 'క' ఈ సూత్రము ననుసరించును:

క = ఆ × బ + (1 − ఆ) × వ

'ఆ' 1 అయినపుడు వస్తువు రంగు మాత్రమే కనిపించును. 'ఆ' 0 అయినపుడు నేపథ్యము మాత్రమే కనిపించును. మధ్య విలువలలో రెండును కలిసి కనిపించును. మూడు రంగులకును ఈ లెక్కను వేరువేరుగా చేయుదురు.

తెల్లని నేపథ్యముపై తీసిన చిత్రములో ఒక పిక్సెలునందు ఒక రంగు విలువ 0.64 ఉన్నదనుకొనుడు. అక్కడ నున్నది పూర్తిగా మరుగుపరచు 0.64 రంగు వస్తువు కావచ్చును. లేదా 0.60 పాలు మరుగుపరచు 0.40 రంగు గాజు కావచ్చును, 0.60 × 0.40 + 0.40 × 1 = 0.64. అదియు గాక, 0.36 పాలు మరుగుపరచు కటికనలుపు కూడ కావచ్చును. 0 + 0.64 × 1 = 0.64. మూడును సూత్రమునకు సరిపోవుచున్నవి. చిత్రమును ఎంతసేపు చూచినను వీనిలో ఏది నిజమో తేల్చుటకు ఆధారము లేదు. ఒక పిక్సెలునందు తెలియని సంఖ్యలు నాలుగు – మూడు రంగులు, ఒక మరుగు. చిత్రము ఇచ్చునవి మూడు సమీకరణములు మాత్రమే. నాలుగు అజ్ఞాతములను మూడు సమీకరణములతో సాధింపరాదని బీజగణితము నేర్చిన ప్రతి విద్యార్థికిని తెలియును.

పాలను నీళ్ళను కలిపిన తరువాత వేరుచేయగలది హంస యొక్కటే అని మన పెద్దలు చెప్పుదురు. రంగుల కలయిక కూడ అట్టిదే. మామూలు చిత్రమున ఆ హంస లేదు.

సినిమావారి నీలితెర

ఈ సమస్య కంప్యూటరు ఆటలతో పుట్టినది కాదు. ఒకచోట నటించిన పాత్రను మరియొకచోటి దృశ్యములో నిలుపుట సినిమావారికి చిరకాలమునుండి అవసరమైన విద్య. 1957లో వెలువడిన 'మాయాబజారు' చిత్రములోని మాయాదృశ్యములను మార్కస్ బార్ట్లీ కంప్యూటరు సహాయము లేకుండ ఛాయాగ్రహణ విద్యతో సాధించెను. అమెరికాలో, బ్రిటనులో నీలితెర పద్ధతి వృద్ధియైనది. 1940లో వెలువడిన 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' చిత్రమునకు లారీ బట్లర్ దీనిని ఉపయోగించెను. 1959 నాటి 'బెన్‌హర్' చిత్రమునకై పెట్రో వ్లాహోస్ దానిని మిక్కిలి మెరుగుపరచెను.

నీలితెర పద్ధతిలోని కీలకము ఒక షరతు. నటుని దేహములోను దుస్తులలోను శుద్ధమైన నీలము ఉండరాదు. ఆ షరతు వలన తెలియని సంఖ్యలలో ఒకటి తగ్గి, సమీకరణములు సాధ్యమగును. నీలివస్త్రము ధరించిన నటుడు తెర ముందు నిలిచిన, వస్త్రమున్న చోట రంధ్రము పడుటకు కారణమిదియే. గాజు, పొగ, విరబోసిన జుట్టు ఈ పద్ధతిని ఎల్లప్పుడును ఇబ్బందిపెట్టుచునే యున్నవి.

గేమ్ ఇంజను కెమెరాకును సినిమా కెమెరాకును ఒక ముఖ్యమైన భేదము కలదు. సినిమా కెమెరా తన యొద్దకు వచ్చిన వెలుగును మాత్రమే ఎరుగును. ఆ వెలుగు ఎక్కడనుండి వచ్చెనో ఎరుగదు. ఇంజను అట్లు కాదు. ప్రతి పిక్సెలును తానే గీయుచున్నది. ఏ త్రిభుజము ఎంతభాగమును కప్పినదో, ఆ త్రిభుజము గాజో రేకో దానికి గీయు క్షణమున తెలియును. ఆ క్షణమున వ్రాసిపెట్టినచో తరువాత ఊహింపవలసిన పని లేదు.

నాల్గవ సంఖ్య

అట్లు వ్రాసిపెట్టు సంఖ్యకు ఆల్ఫా అని పేరు. 1977–78 ప్రాంతమున న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేయుచుండిన ఎడ్ కాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ అనువారు రంగుల మూడు సంఖ్యలతోపాటు దీనిని కూడ చిత్రములోనే నిలువచేయు ఏర్పాటును రూపొందించిరి. రెండు చిత్రములను కలుపు సూత్రములో పైన 'ఆ' అని గుర్తించిన పాలును గణితజ్ఞులు గ్రీకు అక్షరమైన ఆల్ఫాతో వ్రాయు వాడుక ఉన్నందున స్మిత్ ఆ పేరునే పెట్టెను. 1984లో లూకాస్ ఫిల్మ్ సంస్థకు చెందిన థామస్ పోర్టర్, టామ్ డఫ్ అనువారు ఆల్ఫా గల చిత్రములను ఒకదానితో నొకటి కలుపుటకు సంపూర్ణమైన బీజగణితమును ప్రకటించిరి. ఈ నలుగురికిని 1996లో అమెరికా చలనచిత్ర అకాడమీ శాస్త్రసాంకేతిక పురస్కారము లభించినది.

ఆల్ఫా చేరుటవలన చిత్రము పరిమాణము మూడింట ఒకవంతు పెరుగును. 512 పిక్సెళ్ళ పొడవు, 512 పిక్సెళ్ళ వెడల్పు గల బొమ్మలో 2,62,144 పిక్సెళ్ళు ఉండును. మూడు సంఖ్యలతో అది 7,86,432 బైట్లు. నాల్గవ సంఖ్యతో 10,48,576 బైట్లు. ఈ అదనపు స్థలమే హంస పని చేయును.

నిలువచేయు ఫైలు కూడ ఆల్ఫాను భద్రపరచునదిగా ఉండవలెను. ఛాయాచిత్రములకు వాడు సామాన్య జె.పి.ఇ.జి. ఫైలులో ఆల్ఫాకు చోటు లేదు. జి.ఐ.ఎఫ్. ఫైలులో పిక్సెల్ ఉన్నది లేదా లేదు అని మాత్రమే తెలుపవచ్చును. సగము ఉన్నదని తెలుపుటకు వీలులేదు. అందుచే దాని అంచులు రంపపు పళ్ళవలె కనిపించును. 1996లో ప్రమాణముగా వెలువడిన పి.ఎన్.జి. ఫైలు ఈ పనికి అనువైనది.

ఇంజనులో చేయవలసిన ఏర్పాట్లు చెప్పుట తేలిక. చిత్రమును నేరుగా తెరపైకి గాక, నాలుగు సంఖ్యలకు చోటు గల ప్రత్యేక పటముపైకి గీయించవలెను. యూనిటీలో దీనికి రెండర్ టెక్స్చర్ అని పేరు. గీయుటకు ముందు కెమెరా ఆ పటమును ఒక రంగుతో తుడుచును. ఆ రంగు నలుపుగాను, ఆల్ఫా 0గాను నిర్ణయింపవలెను. గోడోలో పారదర్శక నేపథ్యము అను ఎంపికను ఎంచుకొనిన చాలును. అన్‌రియల్‌లో దృశ్యమును పటముపైకి గ్రహించు కెమెరాకు గల ఎంపికలలో ఒకటి ఆల్ఫాకు బదులు దాని పూరకమును, అనగా 1 − ఆ విలువను ఇచ్చును. దానిని మరల 1 నుండి తీసివేయక వాడినచో లాంతరు ఉండవలసిన చోట రంధ్రము, చుట్టును నల్లని పలక కనిపించును.

ఆల్ఫా ఎందుకు తప్పును?

ఏర్పాట్లన్నియు సరిగా ఉన్నను గాజుభాగము చెడుట తరచుగా జరుగును. దీనికి కారణము విచిత్రమైనది. ఆట నడచునపుడు చిత్రము చివరకు తెరను చేరును. తెరకు కావలసినవి మూడు రంగులే. నాల్గవ సంఖ్య సరిగా ఉన్నదో లేదో ఎవరును చూడరు. కావున షేడర్లు వ్రాయువారు రంగులకు వ్రాసిన సూత్రమునే నాల్గవ సంఖ్యకు కూడ వర్తింపజేసి విడిచిపెట్టుట కలదు.

గాజును గీయునపుడు ఇంజను క్రొత్త రంగును ఆల్ఫాతో గుణించి, పాత రంగును (1 − ఆ)తో గుణించి, రెండును కూడును. రంగులకు ఇది సరియైనదే. ఆల్ఫాకు ఇదే సూత్రమును వర్తింపజేసినచో ఫలితము ఆ × ఆ + (1 − ఆ) × పాత ఆల్ఫా అగును. శూన్యమైన పటముపై పాత ఆల్ఫా 0. గాజు ఆల్ఫా 0.60 అయిన, పటమున పడునది 0.36. గాజు ఉండవలసినదానికంటె చాల పలుచబడును. అంతకంటె వింత మరియొకటి. గాజు వెనుక రేకుభాగము ఉన్నచోట పాత ఆల్ఫా 1. అక్కడ ఫలితము 0.36 + 0.40 = 0.76. అనగా గాజు ముందుకు వచ్చినందున దాని వెనుకనున్న రేకు కూడ పారదర్శకమైనదని చిత్రము చెప్పుచున్నది! లోకములో ఇట్టిది జరుగదు. మరుగుపరచు వస్తువు ముందు ఏమి ఉంచినను మరుగు తగ్గదు.

ఆల్ఫాకు సరియైన సూత్రము ఆ + (1 − ఆ) × పాత ఆల్ఫా. ఇందులో క్రొత్త ఆల్ఫాను మరల గుణించుట లేదు. శూన్యముపై 0.60 గాజు 0.60గానే నిలుచును. రేకు ముందు 0.60 + 0.40 = 1 అగును. చిమ్నీ ముందుగోడ, వెనుకగోడ రెండును చూపుదారిలో ఉన్నచోట 0.60 + 0.40 × 0.60 = 0.84 వచ్చును. తప్పు సూత్రముతో ఇదే చోట దాదాపు 0.50 మాత్రమే వచ్చును. రంగులకు ఒక సూత్రము, ఆల్ఫాకు ఒక సూత్రము వేరుగా నియమించుటకు ఇంజనులు వీలు కల్పించును. షేడరులో ఒక్క వరుసను మార్చిన ఈ దోషము తొలగును.

అంచుల మసి

ఆల్ఫా సరియైనను అంచుల వెంబడి మసిగీత మిగులుట రెండవ దోషము. నల్లని శూన్యముపై 0.60 ఆల్ఫా, 0.40 రంగు గల గాజును గీసినపుడు పటమున పడిన రంగు 0.60 × 0.40 = 0.24. ఇది గాజు రంగు కాదు. ఆల్ఫాతో ముందే గుణింపబడిన రంగు. పోర్టర్, డఫ్ తమ బీజగణితమును ఈ రూపములోనే నిర్మించిరి. ఇట్టి చిత్రమును నేపథ్యముపై నిలుపుటకు సూత్రము మరింత తేలిక: పటములోని రంగును యథాతథముగా తీసికొని, దానికి (1 − ఆ) × వ కలిపిన చాలును. నేపథ్యము 0.50 అయిన ఫలితము 0.24 + 0.40 × 0.50 = 0.44.

కాని పి.ఎన్.జి. ఫైలు నియమము వేరు. అందలి రంగు ఆల్ఫాతో గుణింపబడని అసలు రంగుగా ఉండవలెను. పటములోని 0.24ను అట్లే ఫైలులో వ్రాసినచో, దానిని చదువువారు మరల 0.60తో గుణింతురు. అప్పుడు ఫలితము 0.144 + 0.20 = 0.344. ఉండవలసిన 0.44 కంటె ఇది చీకటి. రేకుబుడ్డి మధ్యభాగమున ఆల్ఫా 1 గనుక అక్కడ ఎన్నిసార్లు గుణించినను మార్పు లేదు. శూన్యమున్న చోట ఆల్ఫా 0 గనుక అక్కడను మార్పు లేదు. భిన్నములున్న చోట, అనగా అంచులయందు, తీగయందు, గాజునందు మాత్రమే చీకటి కనిపించును. మసిగీత వచ్చు విధమిది. ఫైలు వ్రాయుటకు ముందు రంగును ఆల్ఫాచే భాగించిన 0.24 ÷ 0.60 = 0.40 మరల లభించును, మసి పోవును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. 8 బిట్లతో నిలువచేసినపుడు ఆల్ఫా 2 (255లో) మాత్రమే ఉన్న పిక్సెలునందు ముందే గుణించిన రంగు 0, 1, 2 అను మూడు విలువలలో ఒకటి మాత్రమే కాగలదు. దానిని భాగించి అసలు రంగును రాబట్టినను మూడు ఛాయలకు మించి దొరకవు. పొగ వంటి పలుచని వస్తువులకు 16 బిట్ల పటమును వాడుట ఇందుకొరకే.

మంట సంగతి

మంట కథ ప్రత్యేకమైనది. ఇంజనులు సాధారణముగా మంటను కూడిక పద్ధతిలో గీయును. వెనుకనున్న రంగును తగ్గింపక, దానికి మంట వెలుగును కలుపును. అనగా మంటకు రంగు ఉన్నది, ఆల్ఫా 0. ముందే గుణించిన రూపములో ఇది చక్కగా ఇముడును: పటములోని రంగు 0.50, 0.30, 0.05, ఆల్ఫా 0. గుణింపని రూపములో దీనికి చోటే లేదు. 0చే భాగించుట అసాధ్యము గదా. కావున మంటను సరిగా గీసిన చిత్రమును పి.ఎన్.జి.గా మార్చగనే మంట మాయమగును.

దీనికి ఒక రాజీమార్గము కలదు. మూడు రంగులలో మిక్కిలి పెద్దదానినే ఆల్ఫాగా గ్రహింతురు. పై ఉదాహరణములో ఆల్ఫా 0.50, అసలు రంగులు 1.00, 0.60, 0.10. నల్లని నేపథ్యముపై ఈ మంట మొదటి మంటవలెనే కనిపించును. తెల్లని నేపథ్యముపై మాత్రము నారింజరంగు పూతవలె కనిపించును. నిజమైన కూడిక మంట తెలుపుపై అసలు కనిపించదు గనుక, గడిలోని బొమ్మకు ఈ రాజీయే మేలని చెప్పవచ్చును.

నలుపు తెలుపుల పద్ధతి

ఇంజనులోని షేడర్లను మార్చుటకు వీలులేనపుడు, లేదా ఇంజను తుదిమెరుగుల దశలో ఆల్ఫాను పోగొట్టునపుడు, రెండవ మార్గము ఉపకరించును. లాంతరును కదల్పక, కెమెరాను కదల్పక, ఒకమారు నల్లని నేపథ్యముపైనను, మరియొకమారు తెల్లని నేపథ్యముపైనను చిత్రము తీయవలెను. నలుపుపై కనిపించు రంగును 'న' అనియు, తెలుపుపై కనిపించు దానిని 'త' అనియు అనుకొనినచో:

న = ఆ × బ
త = ఆ × బ + (1 − ఆ)

రెండవదానినుండి మొదటిదానిని తీసివేసిన, త − న = 1 − ఆ. కావున

ఆ = 1 − (త − న)
బ = న ÷ ఆ

న 0.24, త 0.64 అయిన, తేడా 0.40, ఆల్ఫా 0.60, అసలు రంగు 0.40. ఒక్క చిత్రముతో తేల్చలేకపోయిన మూడు అవకాశములలో ఏది నిజమో ఇప్పుడు తేలినది. రెండు చిత్రములందును రంగు ఒక్కటియే అయిన అక్కడ పూర్తిగా మరుగుపరచు వస్తువు ఉన్నది. ఒకదానిలో 0, రెండవదానిలో 1 అయిన అక్కడ ఏమియు లేదు. ఇంజను లోపల ఏ షేడర్ ఏ విధముగా పనిచేసినను ఈ లెక్కకు సంబంధము లేదు; ఫలితములను మాత్రమే ఇది చూచును. ఒకే తెరతో ఈ సమస్య సాధారణముగా సాధ్యము కాదనియు, రెండు తెరలతో సాధ్యమనియు స్మిత్, జిమ్ బ్లిన్ అనువారు 1996లో నీలితెరను గూర్చిన తమ పరిశోధన వ్యాసములో నిరూపించిరి.

పద్ధతి తేలికయైనను నాలుగు జాగ్రత్తలు అవసరము. మొదటిది, రెండు చిత్రముల నడుమ కాలము ఆగవలెను. మంట మినుకుమినుకుమనుచున్న, రెండు చిత్రములలోని మంటలు వేరగును, తీసివేత అర్థరహితమగును. రెండవది, ఇంజను కెమెరా కంటిపాపవలె వెలుగునకు తగినట్లు తన్ను తాను సవరించుకొను ఏర్పాటును ఆపివేయవలెను. లేనిచో తెల్లని నేపథ్యమును చూచి కెమెరా చిత్రమంతటిని చీకటిచేయును. మూడవది, తెల్లని నేపథ్యము లాంతరుపై ప్రతిఫలింపరాదు. నాల్గవది మిక్కిలి ముఖ్యము: రంగులు ఏ కొలతలో కలుపబడినవో ఆ కొలతలోనే తీసివేత జరుగవలెను. తెరకు పంపు చిత్రములలో సంఖ్యలు వెలుగునకు అనులోమానుపాతములో ఉండవు. సగము వెలుగును తెలుపు సంఖ్య 128 గాక 188. వెలుగు లెక్కలో 0.24, 0.64 అయినవి అట్టి చిత్రములో సుమారు 0.53, 0.82గా కనిపించును. వానిని అట్లే తీసివేసిన తేడా 0.29, ఆల్ఫా 0.60కి బదులు 0.71 అని తేలును.

హద్దులు

ఒక్క ఆల్ఫాతో అన్నియు సాధ్యము కావు. ఎర్రగాజు ఎరుపువెలుగును పోనిచ్చి నీలమును ఆపును. దానికి నలుపు తెలుపుల లెక్క చేసిన ఎరుపునకు ఒక ఆల్ఫా, నీలమునకు వేరొక ఆల్ఫా వచ్చును. ఫైలులో ఒక్కదానికే చోటున్నందున సగటుతో సరిపెట్టుకొనక తప్పదు. మందమైన గాజు వెనుకనున్న దృశ్యమును వంచి చూపును. ఆల్ఫా వెనుకనున్నది ఎంత కనిపించునో చెప్పునే గాని, ఎచ్చటిది కనిపించునో చెప్పదు. కావున నీరు నింపిన గాజుగోళమును ఈ పద్ధతిలో బొమ్మగా తీసినచో, దాని వెనుకనున్న గీతలు వంగవు. వక్రీభవనము కావలెననిన, బొమ్మను విడిచి ఆకారమునే ఇంజనులో నిలుపవలెను.

ఈ హద్దులలో ఆల్ఫా చేయు సేవ చాల గొప్పది. టెలివిజనులో వార్తల క్రింద కదలు అక్షరపట్టీలు, పాఠముల వీడియోలలో ఉపాధ్యాయుని ప్రక్కన తిరుగు అణువుల నమూనాలు, ఇవన్నియు ఒకచోట తయారై మరియొక నేపథ్యముపై నిలుచు చిత్రములే. టెలివిజను కేంద్రములలో రంగులకు ఒక సంకేతమును, మరుగునకు మరియొక సంకేతమును జంటగా పంపు వాడుక కూడ కలదు.

తరగతిగదిలో

రెండు సమీకరణముల పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయులు ఈ ఉదాహరణమును ఉపయోగింపవచ్చును. నల్లబల్లపై నలుపు విలువ 0.15, తెలుపు విలువ 0.40 అని వ్రాసి, ఆల్ఫాను, అసలు రంగును కనుగొనుమని విద్యార్థులను అడుగవచ్చును. తేడా 0.25, ఆల్ఫా 0.75, రంగు 0.20. తరువాత అదే బొమ్మను 0.60 నేపథ్యముపై నిలిపిన ఏమగునో లెక్కింపజేయవచ్చును: 0.15 + 0.25 × 0.60 = 0.30. పిమ్మట నలుపు విలువను మాత్రమే ఇచ్చి అవే ప్రశ్నలను అడిగినచో, విద్యార్థులు వేరువేరు జవాబులు తెచ్చుదురు; అన్నియు సూత్రమునకు సరిపోవును. ఒక అజ్ఞాతము ఎక్కువైన ఏమగునో అప్పుడు వారికి తమంత తామే బోధపడును.

గూడ కంప్యూటరు ఉన్న పాఠశాలలో గోడో ఇంజను ఉచితముగా లభించునది గనుక, విద్యార్థులు ఒక గాజుచెంబును నలుపుపైనను తెలుపుపైనను గీయించి, ఈ లెక్కను స్వయముగా సరిచూచుకొనవచ్చును. చెంబు అంచున మసి కనిపించిన, అది ఏ గుణకారము రెండుసార్లు జరిగినందున వచ్చినదో వారే చెప్పగలరు.